చెయ్యి వెయ్యని కాలు

నాకు ముక్కు మీద కోపమని పుట్టింట్లోనూ అంటారు, అత్తింట్లోనూ అంటారు. అననివ్వండి. ఇది రాయడానికి కూర్చున్నదే కోపంతో. కాస్త చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారలేదు, ఇక ఇలాగే రాసేస్తున్నాను.

నేను మసాజ్ నేర్చుకున్నాను. ఆ మాట చదవగానే కొందరి పెదవి చివర చిన్న నవ్వు వస్తుందని నాకు తెలుసు. బస్సులో చూశాను ఆ నవ్వు, పెళ్ళి భోజనాల దగ్గర చూశాను. మా ఆయన స్నేహితుడొకాయన, పెళ్ళాం పక్కనే కూర్చుని ఉండగా, "అయితే మాకూ ఓసారి చేయించుకునే యోగం ఉందన్నమాట" అన్నాడు. అతని సంగతి సరే, మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుకి నేను ఇంటికొచ్చాక చాలా రోజులు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను. ఎందుకని ఆయన అడగనూ లేదు.

మా వైపు పుట్టిన బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తారు. పెళ్ళికూతురికి నలుగు పెడతారు. బాలింతకి ఒళ్ళంతా నూనె పట్టించి కాగే నీళ్ళు పోస్తారు. మంచాన పడ్డ పెద్దవాళ్ళకి కాళ్ళు పిసుకుతారు. అప్పుడు ఎవరికీ నవ్వు రాదు. అదే పనిని ఒక ఆడమనిషి ఎముకల పేర్లతో, కండరాల పేర్లతో కూర్చుని నేర్చుకుని, నలుగురికీ చేసి బతుకుతానంటే మాత్రం వస్తుంది. ఆ పేరు బోర్డు మీద రాసుకుని తలుపుల వెనక ఇంకో వ్యాపారం చేసేవాళ్ళ మీదా నాకు కోపమే. వాళ్ళ మురికి తెచ్చి మా మొహాన పూశారు.

ఎందుకు నేర్చుకున్నానంటే, ఒకప్పుడు నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోలేను, పైనున్న డబ్బా అందుకోలేను. రాజమండ్రిలో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళమని ఎవరో చెప్పారు. ఆవిడ ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసి, రిటైరయ్యాక కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుని, ఆడవాళ్ళకి ఈ పని నేర్పుతున్నారు. నా భుజం నెమ్మదిగా వదిలింది. వదిలిన రోజే, నాకూ నేర్పుతారా అని అడిగాను. "కోపిష్టివాళ్ళకి నేర్పడం కష్టం. అయినా రా" అన్నారు ఆ మేడం.

మా అత్తగారికి తెలిసినప్పుడు ఫోన్లో అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఇంటా వంటా లేని పని. ఒకళ్ళ ఒళ్ళు పట్టాల్సిన ఖర్మ మనకేంటి? అడిగితే కుట్టు నేర్చుకుంటుందని చెబుతాను, నువ్వూ అలాగే చెప్పు." ఆవిడ ఉండేది రావులపాలెం దగ్గర పల్లెలో. మామగారు పోయాక అరటితోట కౌలుకిచ్చి, ఇల్లు వదిలి రానని అక్కడే ఉంటున్నారు. మేముండేది కొవ్వూరులో. కాబట్టి నేను రోజూ వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి కుట్టు నేర్చుకుంటున్నానని మా చుట్టాలందరికీ తెలుసు. ఒకావిడ జాకెట్టు గుడ్డ కూడా పంపించింది.

ఇంత పడి వెళ్తే, అక్కడ మేడం మాకు నూనె సీసా చూపించలేదు. సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకునేవారు. వారాలు గడిచినా అంతే. గోడకి మనిషి బొమ్మ వేలాడుతూ ఉండేది, ఎర్రగా కండరాలన్నీ కనబడేటట్టు. దాన్ని చదివించేవారు. అది కాక రోజూ ఒక ఆట. మేడం వచ్చి బల్ల మీద పడుకునేవారు. ఒకరోజు షుగరున్న మనిషి, ఒకరోజు నడుం విరిగిన మనిషి, ఒకరోజు జ్వరం దాచుకున్న మనిషి. అది ముందుగా చెప్పరు. మనమే అడగాలి, చూడాలి, చేతి వెనక భాగం ఆనించి వేడి తెలుసుకోవాలి. ఏమీ అడక్కుండా చెయ్యి వేశామా, ఆ చేతి మీద ఛెళ్ళున ఒకటి కొట్టి లేచి కూర్చునేవారు.

"చంపేశావమ్మా. వెళ్ళి కూర్చో."

ఆవిణ్ణి నేను చాలాసార్లు చంపాను. చచ్చిన ప్రతిసారీ ఆవిడ తాపీగా లేచి మంచినీళ్ళు తాగేవారు, నేను మాత్రం ఉడికిపోతూ బెంచీ మీద కూర్చునేదాన్ని. మా వీధిలోనే ఇంకొకావిడ ఎక్కడో హోటల్లో పెట్టిన నాలుగు రోజుల కోర్సు చేసి, మెడలో దండ, చేతిలో సర్టిఫికెట్టుతో ఫొటో దిగి, దాన్ని ఫోన్లో అందరికీ పంపింది. నాకు ఇంకా సీసా మూత కూడా అందలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మసాజ్ నేర్పుతారా లేదాండి? ఎప్పుడూ చెయ్యి తియ్యమనడమేగా."

"వెయ్యడం ఎవరైనా వేస్తారమ్మా," అన్నారావిడ. ఆ రోజే కాళ్ళ గురించి చెప్పారు. రెండు కాళ్ళూ వాస్తే ఒక సంగతి. ఒకటే వాచి, పిక్క వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండి, ఆ మనిషి ఈమధ్యే కాన్పయినదో, ఆపరేషనయినదో, మంచం దిగనిదో అయితే లోపల నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "అవునో కాదో తేల్చడం నీ పని కాదు. అది డాక్టరు చూస్తాడు. నువ్వు చెయ్యి తీసి పంపించు. అక్కడితో నీ పని అయిపోయింది" అన్నారు. నేను మొహం మాడ్చుకునే రాసుకున్నాను.

చివరికి సీసాలు బయటికొచ్చాయి. చేతులకి పని వచ్చింది. అరచేతి మొదలుతో ఎంత బరువు వెయ్యాలో, వెన్ను పక్కన ఎక్కడ ఆగాలో, బొటనవేలు ఎక్కడ పెట్టకూడదో తెలిసింది. ఒకరిద్దరు ఆడవాళ్ళు ఇంటికే రమ్మని పిలవడం మొదలుపెట్టారు. అప్పుడే మా ఆడపడుచుకి కాన్పయింది.

మా ఆయనకి ఒక్కతే చెల్లెలు, చాలా చిన్నది. యానాం వైపు ఒక పెద్ద రైతు కుటుంబానికి ఇచ్చారు. మొదటి కాన్పని పుట్టింటికి తీసుకొచ్చారు. రావులపాలెం ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. నేను వెళ్ళి చూసి వచ్చాను, అంతా బాగానే ఉంది. తర్వాత కొన్నాళ్ళకి, బారసాల ఇంకో వారంలో ఉందనగా, అత్తగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఒకసారి రా. ఇవాళే రా." ఎందుకో చెప్పలేదు.

వెళ్ళేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అత్తగారు నన్ను బాలింత గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టారు. కిటికీ మూసి ఉంది. మంచం మీద ఆ పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మా వైపు బాలింత పథ్యం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయని గ్లాసుతో కొలిచి ఇస్తారు. మంచం దిగితే నడుం పోతుందని దిగనివ్వరు. పథ్యం పెట్టేది ప్రేమతోనే. ఆ ప్రేమని చూస్తే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

అత్తగారు దుప్పటి తీసి, కూతురి చీర మోకాలి దాకా జరిపారు. ఎడమ కాలు వాచి ఉంది. కుడి కాలు మామూలుగానే ఉంది.

"మా అమ్మకి ఇలాగే మొదలైంది," అన్నారు. గొంతు బాగా తగ్గించారు, గది బయట ఎవరూ లేకపోయినా. "జ్వరమొచ్చింది, కాలు వాచింది. తర్వాత ఇంతైంది." చేతులతో చూపించారు. "బోదకాలు."

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. దోమ కుట్టి, కాలు ఏనుగు కాలంత వాచి, ఇక జన్మలో తగ్గని జబ్బు. ఏటా ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగిస్తారు, సగం మంది దవడన దాచుకుని తర్వాత కాలవలో ఉమ్మేస్తారు. మా అత్తగారి తల్లిని నేను చూడలేదు గానీ ఫొటో చూశాను. అందరూ నిలబడి ఉంటే ఆవిడొక్కర్తే వెనక కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని ఉంటుంది. ఏ పెళ్ళికి వెళ్ళినా ఆవిణ్ణి అలాగే వెనక కూర్చోబెట్టేవారట. ఆ తల్లి కూతురిగా సంబంధాలు రాక మా అత్తగారు ఎన్ని మాటలు పడ్డారో నాకు తెలుసు. కాబట్టి వాచిన కాలు చూడగానే ఆవిడకి ఇంకో జబ్బు తట్టలేదు. అది నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గదు.

"బారసాలకి వాళ్ళొచ్చేసరికి నీరు తీసెయ్యాలి," అన్నారు. "నువ్వు నేర్చుకున్నావుగా. కింద నుంచి పైకి గట్టిగా పట్టు. పట్టి గుడ్డ కట్టేద్దాం. మూడో కంటికి తెలియకూడదు." మంచం పక్కన స్టూలు మీద ఆముదం గిన్నె ఉంది. అప్పుడే వెచ్చబెట్టి తెచ్చారు.

కుట్టు నేర్చుకుంటున్న కోడలు ఒక్క పూటలో మసాజ్ నేర్చుకున్న కోడలైపోయింది. అది అప్పుడు అనుకోలేదు, తర్వాత అనుకుని ఉడికిపోయాను. అప్పుడు మాత్రం చేతి వెనక భాగం కుడి పిక్కకి ఆనించాను, తర్వాత ఎడమ పిక్కకి. ఎడమది సలసల కాలుతోంది. "అమ్మో వదినా" అని ఆ పిల్ల పళ్ళు బిగించింది.

"ఎప్పటినుంచమ్మా?"

"మొన్నట్నుంచి వదినా. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

నేను లేచి నిలబడ్డాను. "అత్తయ్యగారూ, ఈ కాలు ముట్టుకోకూడదండి. రాజమండ్రి తీసుకెళ్దాం. స్కాన్ తీయించాలి."

"స్కానేంటి? పదిమందిలో కాలు చూపించి, రాజమండ్రంతా దండోరా వేయించాలా? మా మరిది కొడుకు అక్కడే మందుల షాపులో చేస్తాడు."

"బోదకాలు కాకపోవచ్చండి. రక్తం గడ్డ అయితే, రుద్దితే ప్రాణం మీదికొస్తుంది."

"ఊళ్ళోవాళ్ళందరికీ పడతావు. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి నీకు ప్రాణాలు గుర్తొచ్చాయి. పోనీ, నువ్వు పట్టక్కర్లేదు." ఆవిడ గిన్నె తీసుకుని మంచం మీద కూర్చున్నారు. చేతులకి ఆముదం రాసుకున్నారు.

అప్పుడు నేను చేసింది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, నా పొగరుకి నిదర్శనంగా. అత్తగారి చేతిలో గిన్నె లాక్కుని, గడియ తీసి, పెరట్లోకి వెళ్ళి ఆముదమంతా బట్టలుతికే బండ మీద పారబోశాను. తిరిగొచ్చి మంచం అంచున, ఆవిడకీ ఆ కాలికీ మధ్య కూర్చున్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ ముందు నేను అనుమతి లేకుండా మంచం మీద కూర్చోవడం అదే మొదలు. ఆవిడ ఏడవడం మొదలుపెట్టారు. ఆ పిల్లా ఏడ్చింది, దాంతో ఉయ్యాల్లో బిడ్డా లేచి ఏడ్చింది. నేను మాత్రం కదల్లేదు.

మా ఆయనకి ఫోన్ చేశాను. అప్పటికే వాళ్ళమ్మ చేసినట్టుంది.

"ఏంటి గొడవ? అమ్మ చెప్పినట్టు కాస్త నూనె రాస్తే పోయేదేముంది?"

"మీ చెల్లెలు పోతుందండి," అన్నాను.

దాంతో ఆయన "నేను రాజమండ్రి వచ్చేస్తున్నా, మీరు బయల్దేరండి" అన్నారు. అంతవరకు ఆయన మెరుగే.

ఊళ్ళోంచి కారు మాట్లాడాం. అత్తగారు కూతురి కాలికి శాలువా చుట్టి, పక్కింటివాళ్ళకి కుట్లు చూపించడానికి వెళ్తున్నామని చెప్పి, బిడ్డని ఎత్తుకుని ఎక్కారు. రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీలు అడ్డంగా ఆగి ఉన్నాయి. ఒక లారీవాడు దిగి ఇంకో లారీవాడితో తీరిగ్గా మాట్లాడుతున్నాడు. నేను కారు దిగి ఏమన్నానో నాకు గుర్తులేదు, కానీ లారీ కదిలింది. గౌతమి వంతెన ఎక్కాక ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "వదినా, కాసిని నీళ్ళుంటే ఇస్తావా" అంది. సీసా మూత తీసి ఇచ్చాను. అత్తగారు చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆ పిల్ల సీసా ఖాళీ చేసింది.

స్కాన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు గడ్డే అన్నాడు, తొడ దాకా ఉందన్నాడు. "కాలు ఎవరైనా రుద్దారా?" అని అడిగాడు. అత్తగారు నా వైపు చూశారు.

"లేదండి," అన్నాను.

"బతికించారు," అని లోపలికి వెళ్ళిపోయాడు. రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నీళ్ళు బాగా తాగించమన్నారు, వీలవగానే నడిపించమన్నారు. అత్తగారు బెంచీ మీద కూర్చుని ఆ మాటలు వింటున్నారు. వేళ్ళ సందుల్లో ఇంకా ఆముదం మెరుస్తోంది. అప్పుడు ఆవిడ మీద జాలి కలిగిందని రాస్తే అందంగా ఉంటుంది. కలగలేదు. మొన్నట్నుంచి ఆ కాలు దుప్పటి కింద దాచారన్న ఒక్క మాటే నా తలలో తిరుగుతోంది.

మేడంకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటారనే చేశాను, అబద్ధమెందుకు. ఆవిడ అంతా విని, "రెండో కాలు కూడా చూశావా?" అని అడిగారు.

"చూశానండి."

"సరే. వీలున్నప్పుడు క్లాసుకి రా." ఫోన్ పెట్టేశారు. ఆవిడ మీద కూడా ఒళ్ళు మండింది.

బారసాల వెనక్కి జరిపారు. ఆ పిల్ల ఆస్పత్రి నుంచి వచ్చింది, కాలికి గట్టి మేజోడు వేశారు, మందులు నెలల తరబడి వాడాలన్నారు. మా ఆడపడుచు అత్తగారికి మాత్రం కుట్ల దగ్గర కాస్త ఇబ్బందని చెప్పారట. అల్లుడు ఊళ్ళో లేడు కాబట్టి సరిపోయింది. అతనికీ ఆ మాటే చెప్పమని మా అత్తగారు కూతురి చేత ఒట్టు వేయించుకున్నారని తర్వాత తెలిసింది.

బారసాల రోజున ఆ వియ్యపురాలు వచ్చారు. మంచి మనిషే, పెద్ద గొంతు. మనవరాలిని ఎత్తుకుని, కోడలి పక్కన మంచం మీద కూర్చుని, చీర అంచు కింద మేజోడు చూశారు.

"ఏంటమ్మా కాలికి?"

ఆ పిల్ల నోరు తెరిచేలోగా మా అత్తగారు అందుకున్నారు. "బెణికిందండి వదినగారూ, బాత్రూం గడప దగ్గర. మా కోడలు మసాజ్ నేర్చుకుందిగా, రాజమండ్రిలో. రోజూ చక్కగా పట్టింది. తగ్గిపోయింది."

నేను గుమ్మంలో కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉన్నాను. ఇన్నాళ్ళూ దాచిన నా చదువుని మొదటిసారి పదిమందిలో ఒప్పుకున్నారావిడ, అదీ నేను చెయ్యని పనికి. ఏ పనికైతే ఆ పిల్ల చచ్చిపోయేదో ఆ పనికి నన్ను మెచ్చుకున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది.

వియ్యపురాలు సంతోషించారు. "అయ్యో, మంచిదమ్మా. మా ఊళ్ళోనూ ఒకావిడ ఉందండి, కాళ్ళు బ్రహ్మాండంగా పడుతుంది. అక్కడికొచ్చాక రోజూ పట్టిద్దాం. ఇదిగో, ఇలా పైకి తోస్తుంది చూడండి." అని కోడలి పిక్క మీదికి చెయ్యి చాపారు.

పళ్ళెం ఎక్కడ పెట్టానో తెలియదు, గ్లాసులు మాత్రం పడ్డాయి. నేను మంచం చేరేలోపే ఆ పిల్ల, ఎప్పుడూ తల్లికి ఎదురు చెప్పని పిల్ల, అత్తగారి మణికట్టు గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో చీర మోకాలి దాకా లాగింది.

"బెణకలేదండి అత్తయ్యగారూ. లోపల రక్తం గడ్డకట్టింది. ఈ కాలు ఎవరూ రుద్దకూడదు. వదిన నా కాలు ముట్టుకోలేదండి. అమ్మ రుద్దబోతే ఆపింది. ఆపబట్టే నేనిక్కడ కూర్చుని ఉన్నాను."

వియ్యపురాలు ఆ కాలిని చాలాసేపు చూశారు. ఆవిడ కోడల్ని ఏదైనా అడుగుతారనుకున్నాను. ఎంత నొప్పి పడ్డావనో, ఇప్పుడెలా ఉందనో. ఆవిడ తలెత్తి మా అత్తగారిని అడిగారు.

"బోదకాలు కాదు కదా వదినగారూ?"

"అబ్బే, కాదండీ. డాక్టరుగారే చెప్పారు," అన్నారు మా అత్తగారు. ఆవిడ మొహం ఎంత తేటపడిందో నేను కళ్ళారా చూశాను. "రక్తం గడ్డ, అంతే."

"అంతేనా," అని వియ్యపురాలు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నా ప్రాణం పోయిందనుకోండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. మంచం మీద ఆ పిల్ల చీర కిందికి దించుకోకుండా అలాగే కూర్చుని నా వైపు చూసింది. నేను కింద పడ్డ గ్లాసులు ఏరుతున్నాను. ఎవరో మళ్ళీ కాఫీ పెట్టమన్నారు. నేను వెళ్ళలేదు. ఆ మంచం దగ్గరే, ఆ కాలి పక్కనే, ఆ వచ్చినవాళ్ళు బయల్దేరేదాకా కూర్చున్నాను.